ఆరో పాఠం

తలకి పట్టీ బిగించాక డాక్టర్ తబస్సుమ్ ప్రతిసారీ ఒకే మాట అడుగుతుంది.

"సిద్ధమేనా అండీ?"

ప్రతిసారీ నూకరత్నం "కానీయండి" అనేది. ఈసారి మాత్రం కళ్ళు మూసుకునే ముందు ఇంకో మాట కలిపింది. "ఇదే ఆఖరు డాక్టరుగారూ. ఇక నా వల్ల కాదు."

తబస్సుమ్ మీట నొక్కింది.

విశాఖపట్నంలో కొండవాలున ఉన్న ఆ పరిశోధన కేంద్రానికి నూకరత్నం రావడం ఇది ఏడోసారి. ఏటా జూన్‌లో, గాలివానల కాలం మొదలవకముందే పిలుస్తారు. గంటా నలభై నిమిషాల పని. ఆ గంటా నలభై నిమిషాలూ ఆమె ఎనిమిదేళ్ళ నాటి ఒక అక్టోబరు ఉదయంలో ఉంటుంది. గుర్తు చేసుకోవడం కాదు, అక్కడే ఉంటుంది. నోట్లోకి ఉప్పునీళ్ళు వస్తాయి. రేకులు లేచిపోతున్న చప్పుడు చెవుల్లో మోగుతుంది. కాలికింద ఇసక జారుతుంది.

ఆ తుఫానప్పుడు ఆమె శ్రీకాకుళం జిల్లా తీరాన గుల్లపేట పంచాయతీ కార్యదర్శి. ఇప్పటికీ అక్కడే. హెచ్చరిక రెండు రోజుల ముందే వచ్చింది. ఊళ్ళో మూడొందల నలభై మందిని తుఫాను షెల్టరుకి చేర్చింది. సముద్రం పక్క వరసలో ఉన్న పదకొండు మంది ముసలివాళ్ళు మాత్రం కదలమన్నారు. ఇలాంటి గాలులు వంద చూశామన్నారు. సరే, మధ్యాహ్నం దాకా చూద్దాం అంది నూకరత్నం. మధ్యాహ్నానికి ముందే ఉప్పెన వచ్చేసింది.

స్థానిక అధికారులందరికీ విపత్తు నిర్వహణలో ఆన్‌లైన్ శిక్షణ అప్పటికే ఉండేది. తెర మీద ఐదు పాఠాలు, పాఠం చివర పది ప్రశ్నలు. అందరూ పాసయ్యేవారు. నూకరత్నానికి వందకి తొంభై ఆరు వచ్చాయి. తీరా గాలి లేచేసరికి ఎవరూ ఆ తొంభై ఆరు మార్కుల మనిషిలా నడుచుకోరు. కాసేపు చూద్దాం అంటారు. ఆ మాటని మనుషుల నోట్లోంచి తీసేయడానికి తబస్సుమ్ ఆరో పాఠం కనిపెట్టింది. ఒకరు బతికిన గంటని ఇంకొకరి తలలో పెట్టే పట్టీ అది. పెట్టుకున్నవాళ్ళు ఆ ఒంట్లో చుట్టంలా కూర్చుంటారు. అన్నీ చూస్తారు, అన్నీ తగులుతాయి, దేన్నీ మార్చలేరు. అది పూర్తి చేసిన అధికారులు మళ్ళీ ఎన్నడూ కాసేపు చూద్దాం అనలేదు. ఈ ఏడేళ్ళలో ఆ పాఠం తీసుకున్నవారి ఊళ్ళలో ఉప్పెనకి ఒక్కరూ పోలేదని తబస్సుమ్ దగ్గర లెక్క ఉంది.

చిక్కల్లా ఒక్కటే. యంత్రంలో దాచిన జ్ఞాపకం ఏడాదికి వెలిసిపోతుంది. బొమ్మ ఉంటుంది, భయం ఉండదు. అందుకని ఎవరి జ్ఞాపకమో వాళ్ళే ఏటా వచ్చి, మళ్ళీ దాన్ని బతికి, శ్రుతి చేసిపోవాలి. మొదటి రోజే తబస్సుమ్ దాచకుండా చెప్పింది.

"మామూలుగా ఏ జ్ఞాపకమైనా అరిగిపోతుందండీ. మనిషి బతికేది అందువల్లే. మీది మేం అరగనివ్వం. ఆలోచించుకొని సంతకం పెట్టండి."

నూకరత్నం ఆలోచించలేదు. అప్పుడామెకి శిక్ష కావాలనిపించింది. ఏడేళ్ళకి శిక్ష మాట పోయి, అలుపు మిగిలింది.

పట్టీ విప్పాక తబస్సుమ్ టీ తెప్పించింది. నూకరత్నం కుడిచెయ్యి ఇంకా వణుకుతోంది. గ్లాసు ఎడంచేత్తో పట్టుకుంది.

"మీరు ఆఖరంటే నేను కాదనలేను" అంది తబస్సుమ్. ఆమె కళ్ళ కిందా నల్లటి చారలున్నాయి. "మొదట్లో మీతో కలిపి ఐదుగురుండేవారు. ఒకాయన పోయారు. ఒకాయన ఫోనెత్తడం లేదు. మిగతా ఇద్దరి జ్ఞాపకం ఎంత శ్రుతి చేసినా పలకడం లేదు. ఇప్పుడు రాష్ట్రమంతటికీ మీ పాఠం ఒక్కటే మిగిలింది."

"మా జిల్లాకి వేరేవాళ్ళది ఇస్తామన్నారు కదా?"

"ఇన్నాళ్ళూ అలాగే ఇచ్చాం. ఇక ఇవ్వడానికి వేరేది లేదు. ఈసారి సర్పంచులకి కూడా తప్పనిసరి చేశారు. ఆ పాఠం పూర్తిచెయ్యని సర్పంచికి ఊరు ఖాళీ చేయించే అధికారం ఉండదు." తబస్సుమ్ కాగితం ముందుకి జరిపింది. "ఎవరి జ్ఞాపకమో మేం చెప్పం. కానీ మీ ఊరివాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు కదా. అందుకే మీకు ముందుగా చూపిస్తున్నా."

జాబితాలో పదహారో పేరు గనగళ్ళ ఎల్లాజీ, సర్పంచి, గుల్లపేట.

నూకరత్నం టీ గ్లాసు కింద పెట్టేసింది.

*

ఎల్లాజీ తల్లి అసిరమ్మ. ఆ పదకొండు మందిలో ఒకామె. తుఫానప్పుడు ఎల్లాజీ గుజరాత్‌లో వెరావల్ రేవున బోటు పనిలో ఉన్నాడు. ఐదో రోజుకి ఊరు చేరి, మట్టి కొట్టుకుపోయిన ఇంటి జాగాలో నిలబడి, నూకరత్నాన్ని ఒక్కటే అడిగాడు.

"ఆఖర్న మా యమ్మని సూసినావా అక్కా?"

"నేనెళ్ళేసరికే ఉప్పెన తీసుకుపోయింది నాయనా" అంది ఆమె.

ప్రాణానికి తెగించి ఆ వరస దాకా వెళ్ళిందని అతను ఆమె కాళ్ళకి దణ్ణం పెట్టాడు. ఆ తరవాత వెరావల్ వెళ్ళలేదు. వేటకి వెళ్ళిన ప్రతివారం రెండు చేపలు ఆమె గుమ్మంలో పెట్టి పోయేవాడు. మొన్న ఎన్నికల్లో ఊరు అతన్ని సర్పంచిగా గెలిపించుకుంది.

బస్సు దిగి ఇల్లు చేరేసరికి నూకరత్నం భర్త సన్యాసిరావు చారు కాచి, అన్నం వార్చి ఉంచాడు. జీడిపప్పు బట్టీలో పనిచేసి మానేసిన మనిషి. ఏటా ఈ ప్రయాణం తరవాత నెల్లాళ్ళు వంట అతనిదే. ఆ నెల్లాళ్ళూ ఆమె బకెట్లో నీళ్ళు పడుతున్న చప్పుడు విన్నా ఉలిక్కిపడుతుంది. పంపు కిందికి అతనో గుడ్డ వేసి ఉంచుతాడు.

విషయం విని అతను కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు.

"ఊళ్ళోంచి నీళ్ళు మూడోనాటికే దిగిపోనాయి" అన్నాడు. "మనింట్లోంచే ఎనిమిదేళ్ళయినా దిగలేదు. ఆడికి సెప్పేయ్. యంత్రం సెప్పేదాకా ఉండొద్దు."

"చెప్పి ఎలా బతకను ఈ ఊళ్ళో?"

"సెప్పకుండా ఎలా బతుకుతన్నావో సూస్తన్నాను కదా."

మర్నాడే ఎల్లాజీ ట్యాబు పట్టుకుని పంచాయతీ ఆఫీసుకి వచ్చాడు. ముప్ఫై నాలుగేళ్ళ మనిషి, బోటు తిప్పడంలో మొనగాడు, ఆ పలక ముందు మాత్రం ఒకటో తరగతి పిల్లాడిలా కూర్చున్నాడు.

"ఇది నన్ను మనిసివో కావో నిరూపించుకోమంతంది అక్కా. ట్రాఫిక్కు లైట్లన్నీ నొక్కమంతంది. మనూళ్ళో లైటెక్కడుంది?"

నాలుగు రోజులు పక్కన కూర్చుని ఐదు పాఠాలూ చేయించింది. నెట్టు పోయేది, వచ్చేది. ఉప్పెన ఎత్తు, గాలి వేగం, పశువుల తరలింపు, మందుల నిల్వ. ఒక ప్రశ్న దగ్గర అతను ఆగాడు. ఖాళీ చేయమంటే నిరాకరించే వృద్ధుల విషయంలో ఏం చేయాలి? కింద నాలుగు జవాబులు.

"మా యమ్మ లాంటోళ్ళకి నాలుగూ పని సెయ్యవు" అని నవ్వాడు. "ఇంక ఆరోది ఒక్కటేగా. అదేదో సినిమా అంట కదక్కా?"

నూకరత్నం ట్యాబు ఆపేసింది. అతను వెళ్ళాక తబస్సుమ్‌కి ఫోన్ చేసింది. చివరి నాలుగు నిమిషాలు కోసేయడం కుదురుతుందా అని అడిగింది.

"కుదురుతుంది. కోసేస్తే అందరికీ కోసేసినట్టే" అంది తబస్సుమ్. "పాఠమంతా ఆ నాలుగు నిమిషాల్లోనే ఉందండీ. మీకే తెలుసు."

తెలుసు.

*

ఆ సాయంత్రం ఎల్లాజీ ఒడ్డున పాక కింద కూర్చుని వల అల్లుకుంటున్నాడు. నూకరత్నం ఇసకలో అతనికి ఎదురుగా కూర్చుంది. నడిచొచ్చేటప్పుడు కూర్చుకున్న మాటలన్నీ ఎటో పోయాయి.

"ఎల్లాజీ, ఆరో పాఠం సినిమా కాదు. అది నాది."

"నీదంటే?"

"నేను చూసింది. ఆ రోజు మన ఊళ్ళో నేను చూసిందే అందులో ఉంటుంది. మీ అమ్మ ఉంటుంది."

అతని చేతిలో వలదబ్బనం ఆగిపోయింది. మొహంలోకి ఒక్కసారిగా వెలుగొచ్చింది. ఆ వెలుగు చూస్తే నూకరత్నానికి లేచి పారిపోవాలనిపించింది.

"అమ్మ అగుపడతాదా? మాటాడతాదా?"

"ముందు నా మాట విను. నీకు నేను అబద్ధం చెప్పాను. నేను వెళ్ళేసరికి మీ అమ్మ ఉంది. ఇంట్లోంచి లాక్కొచ్చాను. షెల్టరు మెట్ల దాకా వచ్చాం ఇద్దరం. అప్పుడు రెండో అల వచ్చింది. నా ఎడంచెయ్యి మెట్ల కమ్మీ పట్టుకునుంది. కుడిచెయ్యి మీ అమ్మ మణికట్టు పట్టుకునుంది. నీళ్ళు లాగాయి. కమ్మీ ఊగింది."

"జారిపోనాదా?"

ఆ మాట అతనే అందించాడు. అవునంటే చాలు. ఎనిమిదేళ్ళుగా ఎవరూ ఇవ్వని దారి అది. కానీ రెండు రోజులు పోతే అతనే ఆ చేతిలో కూర్చుంటాడు.

"లేదు. జారలేదు. నేనే వదిలేశాను. ఇద్దరం పోతామని భయమేసింది. వేళ్ళు తెరిచాను."

సముద్రం మీద బోట్లు తిరిగొస్తున్నాయి. ఎవరో ఎల్లాజీని పేరు పెట్టి పిలిచారు.

"ఎనిమిదేళ్ళు నా సేపలు తిన్నావక్కా" అన్నాడు. గొంతు పెద్దది చేయలేదు. వల చుట్టబెట్టుకుని, భుజాన వేసుకుని, ఇసకలో నడిచి వెళ్ళిపోయాడు.

*

పాఠం మానేస్తాడనుకుంది. మానలేదు. మూడో రోజు పొద్దున్న పదింటికి ఆఫీసుకి వచ్చి, ఆమె వైపు చూడకుండా కుర్చీలో కూర్చున్నాడు. శిక్షణ తీసుకునే మనిషి పక్కన ఒక అధికారి ఉండి తీరాలని నియమం. గుల్లపేటలో ఆ అధికారి నూకరత్నమే. విశాఖ నుంచి పంపిన పట్టీని తన చేతులతో తనే అతని నుదుటికి కట్టింది.

ఏ నిమిషంలో ఏముందో ఆమెకి తెలుసు. పాతికో నిమిషం దగ్గర అతని ముక్కుపుటాలు అదిరాయి. అసిరమ్మ పొయ్యి మీద ఎండుచేప కాలుతున్న వాసన అది. నలభయ్యో నిమిషం దగ్గర, కళ్ళు మూసుకునే, చిన్నగా నవ్వాడు. "పంచాయతీ పిల్లా, ముందు గంజి తాగి మాటాడు" అంటుంది అసిరమ్మ అక్కడ. ఆ తరవాత నవ్వు లేదు. చెమట పట్టింది. కాళ్ళు నేలని తన్నాయి. గంటా ముప్ఫై ఆరో నిమిషం నుంచి నూకరత్నం అతని కుడిచేతినే చూస్తూ కూర్చుంది. పిడికిలి బిగిసింది. నరాలు ఉబ్బాయి. ఇన్నేళ్ళలో ఎందరో అధికారులు ఈ పాఠం తీసుకున్నారు, వాళ్ళ చేతులెలా ఉంటాయో ఆమె ఎన్నడూ చూడలేదు. అతని వేళ్ళు ఒకటీ ఒకటీ విచ్చుకోవడం ఇప్పుడు చూసింది.

పట్టీ తీయగానే ఎల్లాజీ బయటికి పరిగెత్తి, గోడ పక్కన వాంతి చేసుకున్నాడు. ఆమె నీళ్ళచెంబు తెచ్చి దూరంగా పెట్టింది. అతను నోరు కడుక్కోలేదు. తన అరచెయ్యి ఎవరిదో అన్నట్టు తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"బిగించినాను" అన్నాడు. "నా సత్తువంతా పెట్టి బిగించినాను. నా మాట ఇన్నేదు ఆ సెయ్యి."

ఆ తరవాత నాలుగు నెలలు ఆమెతో మాట్లాడలేదు. సంతకాలు పెట్టాల్సిన కాగితాలు బంట్రోతు చేత తెప్పించుకునేవాడు. గుమ్మంలోకి చేపలు రాలేదు. ఊళ్ళో మాత్రం ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఆ మౌనం తిట్టుకన్నా బరువుగా ఉండేది నూకరత్నానికి. ఒకటి రెండుసార్లు తనే నలుగురిలో చెప్పేయాలనుకుంది, కానీ అందుకు కావలసిన ఓపిక ఆమెలో లేదు.

*

అక్టోబరు రెండో వారంలో వాయుగుండం పుట్టింది. తీరం దాటడానికి ఇంకా రెండు రోజులుందని సమాచారం. పొద్దున్న ఏడింటికల్లా ఎల్లాజీ మైకు కట్టిన ఆటోలో ఊరంతా తిరుగుతున్నాడు. పై నుంచి ఆదేశం రాకముందే బోట్లు పైకి లాగించాడు. మధ్యాహ్నానికి సగం ఊరు షెల్టరులో ఉంది. సముద్రం పక్క వరసకి మాత్రం మైకు పంపలేదు. తనే వెళ్ళాడు. మంచాల మీద కూర్చున్న ముసలివాళ్ళని ఒప్పించే ప్రయత్నమే చేయలేదు. ఒక్కొక్కరినీ మంచంతో సహా ఎత్తించాడు. అప్పలకొండ అనే ముసలాయన కర్రతో అతని వీపు మీద రెండు వేశాడు. అయినా దించలేదు.

నూకరత్నం షెల్టరులో పేర్లు రాసుకుంటూ, పాలపొడి ప్యాకెట్లు పంచుతూ అవన్నీ చూసింది. ఊరంతా అక్కడ ఒకటిన్నర రోజు ఇరుక్కుని కూర్చున్నారు. అప్పుడు తుఫాను పక్కకి మళ్ళి ఒరిస్సా వైపు పోయింది. గుల్లపేటలో గట్టిగా చినుకైనా పడలేదు.

తిరిగి వెళ్తూ జనం తిట్టిపోశారు. వేట పోయింది. వదిలేసొచ్చిన కోళ్ళని కుక్కలు పట్టుకుపోయాయి. "నీకు తల్లి పోయిన బెంగుంటే మమ్మల్ని సంపుతావేటి?" అంది ఒకావిడ మొహం మీదే. ఎల్లాజీ మంచాలు మళ్ళీ మోయించి ఎవరి గుమ్మంలో వాళ్ళని దించి వచ్చి, ఖాళీ అయిన షెల్టరు మెట్ల మీద కూలబడ్డాడు. నూకరత్నం లోపల ఊడ్చి, తాళం వేసి, దిగలేక అక్కడే పై మెట్టు మీద కూర్చుంది. ఇద్దరికీ రెండు రోజులుగా కంటి మీద కునుకు లేదు.

"మళ్ళీ హెచ్చరికొస్తే ఒక్కడూ రాడు" అంది.

"ఎత్తుకొస్తాను."

నాలుగు నెలల తరవాత మాట అది. అతనే మళ్ళీ అన్నాడు.

"వచ్చే జూనుకి నువ్వెల్లవంట. డాక్టరమ్మ సెప్పింది. నాను ఫోన్ సేసినాను ఆవిడికి."

"నువ్వా? ఎందుకు?"

"నువ్వు మానేస్తే ఆ పాఠం పోద్దంట కదా. పోకుండా ఏటి సెయ్యాలని అడిగినాను. నన్నో రోజు రమ్మంది. ఎల్లినాను. ఏవో తీగలు పెట్టి సూసింది." అతను చెప్పుల మీది ఇసక దులుపుకున్నాడు. "నాలో బాగా అంటుకుందంట. నువ్వు సేసే పని నాను సేయొచ్చంట."

నూకరత్నం వెంటనే తబస్సుమ్‌కి ఫోన్ కలిపింది. కోపంతో మాట తడబడింది. తబస్సుమ్ చివరిదాకా విని నెమ్మదిగా చెప్పింది. మిగతావాళ్ళకి అసిరమ్మ ఎవరో ముసలావిడ. ఎల్లాజీ మెదడు ఆ ముఖాన్నీ ఆ గొంతునీ పుట్టినప్పటినుంచీ ఎరుగును. అందుకని పాఠం లోపల అంటు కట్టినట్టు నాటుకుంది. ఇలా ఔతుందని తనూ అనుకోలేదు.

"అంటే ఏటా తన తల్లి చేతిని తనే వదలాలా? మీకు మనసెలా ఒప్పిందండీ?"

"ఒప్పలేదు. మీ విషయంలోనూ ఏ ఏడాదీ ఒప్పలేదు" అంది తబస్సుమ్. "పక్కన వేరే దారి పెట్టుకుని మిమ్మల్ని అడగడం లేదు నేను."

ఫోన్ పెట్టేసి నూకరత్నం అతని దగ్గరికి, కింది మెట్టు మీదికి దిగి కూర్చుంది.

"వద్దు ఎల్లాజీ. నేనే ఇంకో ఏడాది వెళ్తాను. నేను చేసింది నువ్వెందుకు మొయ్యడం?"

"నీకోసం కాదక్కా." అతను సముద్రం వైపు తిరిగాడు. "నాను వెరావల్‌లో ఉన్నప్పుడు అమ్మతో ఫోన్లో ఆఖర్న ఏటి మాటాడినానో గుర్తు నేదు నాకు. ఎంత తవ్వుకున్నా రాదు. అందులో అమ్మ గంజి తాగమంతాది. కోడిని తిడతాది. గంట పైనే ఉంటాది. ఆ నాలుగు నిమిషాలకీ భయపడి ఆ గంటా ఒగ్గీమంతావా?"

"ఆ నాలుగు నిమిషాలూ తగ్గవు. ఏటేటా కొత్తగానే ఉంటాయి. నాకు తెలుసు."

"నిన్ను క్షమించినానని అనుకోకు. అది నా వల్ల ఇంకా అవ్వనేదు. పనొకటి ఉంది, సేస్తానంతన్నాను. నీళ్ళు ఆ సెయ్యిని ఎంత లాగినాయో నాకూ తెలుసు. అంతే."

నూకరత్నం ఇంక వాదించలేదు. వాదించాలని ఉంది. ఒంట్లో శక్తి లేదు. ఒప్పుకున్నది అతని మాట కోసమా, తన అలుపు కోసమా అని తరవాత చాలా రోజులు తనని తానే అడుగుతూ ఉండింది.

*

జూన్ వచ్చింది. విశాఖ కేంద్రంలో తలుపు బయట బల్ల మీద నూకరత్నం కూర్చుంది. మొదటిసారి తోడు ఎవరైనా ఉంటే మంచిదని తబస్సుమ్ అంటే, ఎల్లాజీ తన భార్యని కాదని ఈమెనే రమ్మన్నాడు. "ఆ దారి తెలిసినదానివి నువ్వొక్కదానివే" అన్నాడు.

లోపల యంత్రం సన్నగా మోగుతోంది. ఎప్పుడూ ఆ తలుపుకి అవతల ఉండే మనిషి ఇవతల కూర్చుంటే గంట ఎంత పొడుగో తెలిసింది. గడియారం చూసింది. ఇప్పుడు గంజి. ఇప్పుడు రేకులు లేస్తాయి. ఇప్పుడు గుమ్మం దాటుతున్నారు ఇద్దరూ.

అసిరమ్మని గుమ్మంలోంచి లాగుతున్న ఆ క్షణం తలచుకోబోయి ఆగింది. ముసలావిడ ఒంటి మీద చీర ఏ రంగుదో తట్టలేదు. మళ్ళీ తలచుకుంది. గుమ్మం ఉంది, చెయ్యి ఉంది, గాలి ఉంది. చీర దగ్గర ఏదో వెలిసిన మరకలా ఉంది. పోయిన ఏడాది దాకా దాని అంచు నేత కూడా చెప్పగలిగేది. భయమేసింది ముందు. తరవాత ఆ భయం కూడా పెద్దగా నిలవలేదు. గోడకి తల ఆనించి కూర్చుంది.

తలుపు తెరుచుకుంది. ఎల్లాజీ గోడ పట్టుకుని బయటికి వచ్చాడు. కళ్ళు ఎర్రబడ్డాయి, చొక్కా తడిసి ముద్దయింది. కుడిచెయ్యి వణుకుతోంది. నూకరత్నం లేచి తన చోటిచ్చి, టీ గ్లాసు అతని ఎడంచేతికి అందించింది. రెండు గుక్కలు తాగేదాకా ఆగి అడిగింది.

"ఎల్లాజీ, మీ అమ్మ ఆ రోజు ఏ రంగు చీర కట్టుకుంది?"

అతను తలెత్తి ఆమె మొహంలోకి చూశాడు. ఆమె నిజంగానే అడుగుతోందని అర్థం కావడానికి కొంతసేపు పట్టింది.

"సిలకపచ్చ" అన్నాడు. "ఎర్రంచు. కొంగు నెత్తిన కప్పుకుంది. నువ్వు లాగతంటే ముడి ఊడిపోనాది. ఆగవే పిల్లా, ముడేసుకోనీ అంది."

"అలా అందా?"

"అంది. ఇప్పుడే అంది."

నూకరత్నం అతని పక్కన కూర్చుని ఆ మాట విన్నది, ఎవరో పొరుగూరి కబురు చెప్తుంటే విన్నట్టు. అతను చెప్తూనే ఉన్నాడు. ఆమెకి కళ్ళు మూతలు పడుతున్నాయి.